దీపం దొర, తాడు పట్టిన పోలమ్మ

ఈ కథ ముందు సగం నాకు చెప్పింది మా అమ్మమ్మ నూకాలు. ఆమెకి చెప్పింది వాళ్ళ అమ్మమ్మ పోలమ్మ. వెనక సగం ఎవరూ చెప్పక్కర్లేదు, నా కళ్ళతో నేనే చూశాను. కాబట్టి మధ్యలో "నిజమేనా అమ్మమ్మా" అని అడక్కు. అడిగితే అక్కడే ఆపేస్తాను. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో అమ్మలూ.

అనగనగా ఒక ఊళ్ళో కాదు, రెండు ఊళ్ళలో. ఒకటి మన ఊరు, ఏరు సముద్రంలో కలిసేచోట. రెండోది ఐర్లండు అనే దేశంలో. అక్కడా సముద్రమే, అక్కడా చేపలే. కాకపోతే అక్కడ వాన ఆగదట, దుంపలు లేకపోతే ముద్ద దిగదట.

ఆ ఊరి నుంచి మాలకీ అనే ఆయన మన లైట్‌హౌసు దీపం చూసుకోవడానికి వచ్చాడు. పెళ్ళాన్నీ చంటిపిల్లాణ్ణీ అక్కడే వదిలి వచ్చాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు. మనవాళ్ళు దీపం దొర అనేవారు.

పోలమ్మ ఆయనకి చేపలు అమ్మేది. ఒకరోజు తన ఇంట్లో వండిన పులుసు కాస్త గిన్నెలో పోసి ఇచ్చింది. అప్పుడు దొర ఒక ముద్ద తిన్నాడు. ముక్కు ఎర్రబడింది, కళ్ళు కారాయి, కుండెడు నీళ్ళు తాగేశాడు. "చాలు, చాలు" అని దండం పెట్టాడు. ఆయనకి వచ్చిన తెలుగు మాటలు మూడే. నీళ్ళు, కారం, చాలు. ఆ మూడూ ఆ రోజే నేర్చుకున్నాడని మా అమ్మమ్మ అనేది.

ఆ తర్వాత పోలమ్మ ఆయన కోసం విడిగా చిన్న దాకలో మిరపకాయ లేని పులుసు కాచేది. ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవారు. "ఏటే పోలీ, పసిపిల్లకి వండినట్టు వండుతున్నావు?" అనేవారు. "తినేవాడికి కదా వండాలి, మీకు కాదు గదా" అనేది పోలమ్మ. మన ఇంటి నోరు అప్పట్నుంచీ అంతే.

ఇప్పుడు విను. ఏరు సముద్రంలో కలిసేచోటుని మొగ అంటాం. మొగ లైట్‌హౌసు కిందే ఉండేది. దీపానికి ఎదురుగా వస్తే పడవ నేరుగా ఏట్లోకి వచ్చేసేది. కానీ ఏరు పొంగినప్పుడు మొగ జరిగిపోతుంది. పాత మొగలో ఇసకమేట పడుతుంది. దాని మీదకి వచ్చిన పడవ ముక్కలే.

మొగ జరిగితే గుర్తుకి జెండాకర్రలు పాతించాలి, దొరకి చెప్పాలి. ఆ పని దుబాసీ జగ్గప్పది. దుబాసీ అంటే దొర మాట మనకీ, మన మాట దొరకీ మార్చి చెప్పేవాడు. సర్కారు జీతం, తలపాగా, ఒళ్ళొంగని తనం.

ఒక కార్తీకమాసంలో మగాళ్ళందరూ పడవలేసుకుని సముద్రం లోపలికి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక తుఫాను పట్టింది. ఏరు పొంగింది. మొగ ఉత్తరానికి జరిగిపోయింది. సముద్రం మీద ఉన్నవాళ్ళకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? జగ్గప్ప వాన అని ఇంట్లోంచి కదల్లేదు. కర్రలు పాతలేదు, దొరకి చెప్పలేదు.

మొగ మారితే కొత్త మొగ దగ్గర ఆడవాళ్ళు మంట పెట్టడం మన ఆనవాయితీ. పడవలు ఆ మంట చూసి వస్తాయి. అప్పుడు మనవాళ్ళు పెట్టబోయారు. తాటాకులు తెచ్చారు, అంటుకోలేదు. పాత వలలు తెచ్చారు, అంటుకోలేదు. ఇంటి కప్పు పీకి ఎండుగడ్డి తెచ్చారు, అది అంటుకుంది గానీ వెంటనే ఆరిపోయింది. ఆరకపోయినా ఏం లాభం? పైన అంత పెద్ద దీపం వెలుగుతుంటే కింది మంట ఎవరికి ఆనుతుంది? ఆ పెద్ద దీపమే పడవల్ని ఇసకమేట మీదకి పిలుస్తోంది.

అప్పుడు పోలమ్మ లైట్‌హౌసుకి పరిగెత్తింది. ఆమె మొగుడూ, ఇద్దరు అన్నదమ్ములూ ఆ పడవల్లోనే ఉన్నారు. మెట్లన్నీ ఎక్కింది. తడిచేత్తో రాతిగచ్చు మీద ఏరు గీసింది. పాత మొగ గీసి చేత్తో కొట్టేసింది. కొత్త మొగ గీసింది. ఆ తర్వాత దీపం వైపు వేలు చూపించి, ఆయనకి వచ్చిన మాటే అంది.

"చాలు."

దొర ఆమెని చూశాడు. దీపాన్ని చూశాడు. గచ్చు మీది గీతని చూశాడు. దీపం ఆరితే ఆయన ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే అక్కడ పెళ్ళాం, పిల్లాడు పస్తు. పెద్ద ఓడలు తుఫాను జెండా ఎగరేసిన రోజే దూరంగా వెళ్ళిపోయాయి. సముద్రం మీద ఉన్నవి మన పడవలే. అయినా రూలు రూలే కదా, దీపం ఆరకూడదు.

దొర దీపం ఆర్పేశాడు.

ఆ తర్వాత అద్దాల లాంతరు ఒకటి పట్టుకుని పోలమ్మ వెనక నడిచాడు. కొత్త మొగ దగ్గర నీళ్ళు మనిషిని నిలవనివ్వడం లేదు. పోలమ్మ వలతాడు తెచ్చి ఆయన నడుముకి ఒక కొస కట్టింది. రెండో కొస తన చేతులకి చుట్టుకుంది. పొడుగాయన కదా, నీళ్ళలోకి దిగి లాంతరు ఎత్తి పట్టుకున్నాడు.

పైన దీపం లేదు, కింద చిన్న దీపం ఊగుతోంది. పడవల్లో ఉన్నవాళ్ళకి అర్థమైపోయింది. ఒక పడవ వచ్చింది. ఇంకో పడవ వచ్చింది. ఆ తర్వాత అన్నీ వచ్చాయి. పోలమ్మ మొగుడి పడవే ఆఖరిది. అది లోపలికి వచ్చేసరికి పెద్ద కెరటం లేచింది. లాంతరు కనపడలేదు.

పోలమ్మ తాడు వదల్లేదు. అందరూ వచ్చి లాగారు. దొర గట్టుకి వచ్చాడు. లాంతరు పిడికిట్లోనే ఉంది. ఊపిరి మాత్రం లేదు.

ఏడవకు. కథ ఇంకా ఉంది.

తాడు కోసిన గీతలు పోలమ్మ అరచేతుల్లో చచ్చేదాకా ఉన్నాయట. ఆ చేతులతో కలిపిన ముద్దలు తిని మా అమ్మమ్మ పెరిగింది. ముద్ద పెడుతుంటే ఆ గీతలు బుగ్గకి తగిలేవట.

మనవాళ్ళు దొరని ఇసకదిబ్బ మీద పాతిపెట్టారు. నీళ్ళు తీసి దారులు పడ్డాక పై దొర ఒకాయన వచ్చాడు. దీపం ఎందుకు ఆరింది, మనిషి ఏడి అని అడిగాడు. అప్పుడు పోలమ్మ మొదట్నుంచీ చెప్పింది. మొగ సంగతి చెప్పింది, కర్రల సంగతి చెప్పింది, తాడు సంగతి చెప్పింది. పక్కన నిలబడ్డ జగ్గప్ప అంతా విని, ఇంగ్లీషులో ఒక్క ముక్క అని ఊరుకున్నాడు.

"ఏటయ్యా జగ్గప్పా, నా మాట అంతుంటే నీ మాట ఇంతేనా?" అంది పోలమ్మ.

"వాళ్ళ భాషలో పొట్టిగానే ఉంటుంది, నీకేం తెలుసు?" అన్నాడు వాడు.

వాడు చెప్పింది ఏమిటంటే, దొర దీపం ఆర్పేసి, సర్కారు లాంతరు ఎత్తుకుని పారిపోయాడని. కర్రల మాట బయటపడితే వాడి తలపాగా ఊడుతుంది మరి. పై దొర అలాగే రాయించాడు. లైట్‌హౌసులో పనిచేసినవాళ్ళ పేర్ల పలక ఉంటుంది. అందులో మాలకీ పేరు పక్కన 'దీపం వదిలి పారిపోయాడు' అని చెక్కారు. అసలు సంగతి మనవాళ్ళకి తెలిసేసరికి పై దొర వెళ్ళిపోయాడు. లాంతరు చూపిద్దామంటే, దొంగలని మనల్నే పట్టుకుంటారని భయం. అందుకని పోలమ్మ దాన్ని అటక మీద దాచేసింది.

జగ్గప్ప ఇంటివాళ్ళ శుభకార్యాలకి మనం ఎందుకు వెళ్ళమో ఇప్పుడు తెలిసిందా? నన్ను పంతంమనిషి అంటారు. అననీ.

కానీ పోలమ్మ ఒక పని మానలేదు. ఏటా ఆ రోజున దిబ్బ దగ్గర మిరపకాయ లేని పులుసు పెట్టింది. పోయినవాళ్ళకి వాళ్ళు తినగలిగిందే కదా పెడతాం. ఆమె తర్వాత కూతురు పెట్టింది. ఆ తర్వాత మా అమ్మమ్మ, ఆ తర్వాత మా అమ్మ. ఇప్పుడు నేను పెడుతున్నాను.

ఇక రెండో ఊరి సంగతి. అక్కడ క్రిస్మస్ ముందురోజు ప్రతి ఇంటి కిటికీలోనూ కొవ్వొత్తి వెలిగిస్తారు. దారిలో ఉన్నవాళ్ళు ఎవరైనా రావచ్చని. మాలకీ ఇంట్లో మాత్రం వెలిగించేవారు కాదు. ఒకసారి వెలిగిస్తే వీధిలోవాళ్ళు "దీపం వదిలేసి పారిపోయినవాడి ఇంట్లో దీపమా?" అన్నారట. అప్పట్నుంచీ ఆ కిటికీ చీకటే.

ఆ ఇంట్లో ఓర్లా అనే పిల్ల పుట్టింది. అక్కడి సంగతులన్నీ తర్వాత ఆ పిల్లే చెప్పింది. వాళ్ళ అమ్మమ్మకి మాలకీ ముత్తాత అవుతాడు. ఆ ముసలామెకి ఒకటే కోరిక, పోయేలోగా ఆ కిటికీలో కొవ్వొత్తి చూడాలని. కానీ నిజం తేలకుండా అబద్ధపు దీపం వెలిగించనంది. ఆమె కూడా పంతంమనిషే.

అప్పుడు ఓర్లా మాలకీ సంగతి వెతకడానికి బయల్దేరింది. మొదట వాళ్ళ ఊరి చర్చిలో అడిగింది. ఇక్కడే పుట్టాడు, ఓడెక్కాడు, అంతే తెలుసు అన్నారు. ఆ తర్వాత పట్నంలో పాత కాగితాలు దాచేచోట అడిగింది. పారిపోయాడు అన్నారు. ఆ తర్వాత ఓడల సంగతులు తెలిసినవాళ్ళని అడిగింది. ఏ ఓడా అతన్ని వెనక్కి తేలేదు అన్నారు. పారిపోయినవాడు ఎక్కడికి పారిపోయినట్టు? అది ఆ పిల్లకి మింగుడుపడలేదు. నేరుగా మన ఊరు వచ్చేసింది.

మొదట లైట్‌హౌసుకి వెళ్ళింది. పలక చూసి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాళ్ళెవరని అడిగితే జగ్గప్ప మునిమనవల ఇంటికి పంపారు. వాళ్ళు కూల్‌డ్రింకు ఇచ్చి, "అవునమ్మా, మా పెద్దలు కూడా అదే చెప్పేవారు, పారిపోయాడట" అన్నారు. ఇంకేముంది, సంచీ సర్దుకుంది. వెళ్ళేముందు ఒకసారి సముద్రం చూద్దామని ఇసకలోకి వచ్చింది.

ఆ రోజే దిబ్బ దగ్గర ఒక ముసల్ది పులుసు పెట్టి కూర్చుంది.

ముసల్దెవరని అడక్కు, తెలిసే అడుగుతావు నువ్వు.

ఆ పిల్ల మొహం పీక్కుపోయి ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ అన్నం ముద్ద నోట్లో పెడితే కారం, నీళ్ళు తాగితే మంట. ముసల్ది అదేమీ ఎరగదు. ఆకలి మొహం చూసింది, ఆకులో అన్నం పెట్టి పులుసు పోసింది. పిల్ల భయపడుతూ ఒక ముద్ద తింది. ఆగింది. ఇంకో ముద్ద తింది. ఆకు ఖాళీ అయిపోయింది.

అక్కడే ఉన్న మీ అమ్మ ఇంగ్లీషులో పలకరించింది. అప్పుడు ఓర్లా అడిగింది. "ఈ ఊళ్ళో ఇంత చప్పిడి వంట ఎవరి కోసం?"

మీ అమ్మ తెలుగులో నాకు చెప్పింది. నేను అన్నాను, "కారం తినలేని దొర కోసం. ఇక్కడే పడుకున్నాడు. నువ్వెవరివే?"

అమ్మలూ, ఆ పిల్ల దిబ్బ మీద అరచెయ్యి ఆనించి, "మాలకీ ఇంటి పిల్లని" అంది.

ఆ తర్వాత నేను చెప్పాను, మీ అమ్మ మార్చింది. నేను ఊరికే వదల్లేదు. ఒక్కో ముక్క మార్చాక, "ఏం చెప్పావో మళ్ళీ నాకు తెలుగులో చెప్పు" అన్నాను. కన్నకూతురే అయినా సరే, ఒకసారి మోసపోయిన ఇల్లు మనది. తాడు దగ్గరికి వచ్చేసరికి ఆపాను.

"పోలమ్మ పేరు వినపడలేదేమే?"

"మా ముత్తవ్వ అని చెప్పానమ్మా."

"పేరుకి ఇంగ్లీషు ఉండదు. పోలమ్మ అను."

అంది. అప్పుడు ఓర్లా కూడా అంది, నోరు తిరక్క మూడుసార్లు అంది. పోలమ్మ, పోలమ్మ, పోలమ్మ.

అటక మీది లాంతరు దింపించాను. అడుగున చిన్న గోపురం బొమ్మ గుద్ది ఉంటుంది. లైట్‌హౌసులో అద్దాలబీరువాలో పెట్టిన పాత లాంతర్లకీ అదే బొమ్మ. ఓర్లా పక్కపక్కన పెట్టి చూసింది. సెల్‌ఫోన్‌లో వాళ్ళ అమ్మమ్మకి చూపించింది, లాంతరూ, దిబ్బా, పులుసు కుండా.

ఆ ముసలామె చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఇంట్లో ఎవరితోనో ఏదో అంది. ఏమందే అని మీ అమ్మని అడిగాను.

"ముందుగది కిటికీ అద్దం తుడవమందమ్మా" అంది.

పై నెల క్రిస్మస్‌కి ఆ కిటికీలో కొవ్వొత్తి వెలిగింది. ఫొటో పంపారు, నీకు చూపించాను కదా, అదే.

ఓర్లా ఊరుకోలేదు, వెంటపడి ఆ పలక మార్పించింది. కొత్త పలక పెట్టిన రోజు జగ్గప్ప ఇంటివాళ్ళు ముందువరస కుర్చీల్లో కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. వాళ్ళు ఇచ్చిన కూల్‌డ్రింకు ముట్టుకోలేదు.

నాకు చదువు రాదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఎవరి చేతనో ఇసకలో రాయించి మూడు అక్షరాలు నేర్పించింది. పో, ల, మ్మ. అంతే వచ్చు. అందరూ వెళ్ళాక పలక దగ్గరికి వెళ్ళాను. వేలు పెట్టి మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా వెతికాను. లేవు. మళ్ళీ వెతికాను. మీ అమ్మ వచ్చి చదివింది. మాలకీ దీపం ఆర్పి, పడవల్ని కాపాడి ప్రాణం ఇచ్చాడని చక్కగా రాశారు. ఆఖర్న 'ఒక స్థానిక మహిళ సాయంతో' అని ఉందట.

ఎవరా ఒక మహిళ? మన ఇంట్లో ఆ పేరు గలవాళ్ళు ఎవరూ లేరు.

నీకు అక్షరాలన్నీ వచ్చాయి కదా. నా మూడూ నీ దగ్గర ఉన్నాయి. పెద్దయ్యాక కాదు, ఈ వేసవి సెలవుల్లోనే మీ అమ్మని కూర్చోబెట్టి లైట్‌హౌసువాళ్ళకి ఉత్తరం రాయించు. ఒక మహిళ అన్నచోట పోలమ్మ అని చెక్కమను. చెక్కాక నన్ను తీసుకెళ్ళు, వేలు పెట్టి నేనే చదువుకుంటాను.

కథ నడిచె కంచికి,
పడవ చేరె గట్టుకి,
నిద్ర వచ్చె కంటికి,
పోలమ్మ పేరు పలకకి!