మునిగి తేలిన చెంగమ్మ పడవ

అనగా అనగా, ఉప్పుకు ఇంకా ఎవరూ వెల కట్టని కాలంలో, సముద్రం పక్కన ఒక ఉప్పునీటి సరస్సు. సరస్సు నడుమ ఒక దీవి. దీవి చివర ఒక పేట. ఆ పేటలో చెంగమ్మ అని ఒక మనిషి. మొగుడు లేడు, బిడ్డలు లేరు. రెండు చేతులున్నాయి.

చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. బావి తవ్వితే ఉప్పు. తీపినీళ్ళ చెలమ అవతలి గట్టున ఇసుకలో ఉంది. అది ఎవరి సొత్తూ కాదు. కానీ అక్కడికి పోయే పడవలు దీవికి పెద్దయిన దొరసామివి. ఉన్న మూడూ అతనివే. మొదటి పడవ నీళ్ళు అతని వీధికి. రెండో పడవ నీళ్ళు అతని చుట్టాలకు. మూడో పడవ నీళ్ళు పేటకు. అదీ పేటవాళ్ళు పొద్దుటినుంచి అతని వలలు ఊరికే లాగితేనే. భూమి ఊరికే ఇచ్చిన నీళ్ళకు అడ్డం కూర్చున్నవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

ఒక ఎండాకాలం చెంగమ్మ జ్వరంతో పడుకుని వలకు పోలేదు. ఆమె కుండ ఎండిపోయింది. ఇరుగుపొరుగు తలా గుక్కెడు పోస్తే బతికింది. లేచి నడిచే ఓపిక రాగానే తిన్నగా ఇసుకదిబ్బ మీదికి పోయింది. ఏనాటి గాలివానో తెచ్చి పడేసిన చిన్న తెరచాప పడవ ఒకటి అక్కడ బోర్లా పడి ఉంది. దాని కింద కోళ్ళు గుడ్లు పెట్టేవి.

"మే చెంగీ, దాంట్లో పోతావా, పొయ్యిలో పెట్టుకుంటావా?" అన్నాడు ఏకాంబరం తాత. పేటంతా నవ్వింది.

"చేతులున్నాయి గదా తాతా," అంది చెంగమ్మ.

పుచ్చిన చెక్కలు పీకి తాటిచెక్క వేసింది. సందుల్లో కొబ్బరిపీచు కూరింది. గుగ్గిలం నూనెలో కాచి పూసింది. వెదురు బొంగు నిలబెట్టింది. మూడు పాతచీరలు కలిపి తెరచాప కుట్టింది. ఒకటి తనది. ఒకటి పోయిన అత్తది. ఇంకొకటి ఏకాంబరం పెళ్ళాం చాటుగా తెచ్చి ఇచ్చింది.

పడవను నీళ్ళలోకి తోసింది. సందుసందునా నీళ్ళు చిమ్మాయి. ఒడ్డుకు లాగి ఇంకా పీచు కూరింది. మళ్ళీ తోసింది, మళ్ళీ చిమ్మాయి. మూడోసారీ అంతే. ఏళ్ళ తరబడి ఎండిన చెక్క కుంచించుకుపోయింది మరి. ఆ సంగతి ఆ దీవిలో ఎవరికీ తెలియదు. వాళ్ళ పడవలు నీళ్ళలోనే బతికి నీళ్ళలోనే చచ్చేవి. ఎండిన పడవను మళ్ళీ దించిన మనిషి లేడు.

ఇంక వదిలెయ్యమన్నారు. చేతులున్నాయి గదా అంది.

ఆ మాట దొరసామి చెవిన పడింది. కారే పడవను చూసి కూడా అతను భయపడ్డాడు. ఒక్క కుండ అతని చేయి దాటి నిండితే, మర్నాడు వల లాగేదెవరు? చెంగమ్మ పీచు కోసం పోయిన సమయం చూసి మనుషుల్ని పంపాడు. వాళ్ళు పడవను నీళ్ళలోకి తోసి, మూడు బండరాళ్ళు వేసి ముంచేశారు.

చెంగమ్మ తిరిగొచ్చేసరికి వెదురు కొన మాత్రం కనిపిస్తోంది. దొరసామి ఒడ్డున నిలబడి ఉన్నాడు.

"నీ పడవ తానానికి దిగినట్టుందే చెంగీ. ఎప్పుడొస్తుంది?"

చెంగమ్మ తెచ్చిన పీచు ఒడ్డున దించి, కొంగు బిగించింది.

ఆ పూటే ఈదురుగాలి లేచింది. మూడు రోజులు వీచింది. మునిగి రాళ్ళు తీయడానికి లేదు. పడవకు చీర ఇచ్చారన్న కోపంతో దొరసామి ఆ మూడు రోజులూ పేటకు నీళ్ళు ఆపేశాడు. పిల్లల పెదవులు పగిలాయి.

నాలుగోనాడు గాలి తగ్గింది. చెంగమ్మ మునిగి ఒక రాయి తీసింది. మునిగి రెండోది తీసింది. మూడోది కదల్లేదు. అప్పుడు ఏకాంబరం తాత పంచె ఎగ్గట్టి దిగాడు.

"నాకూ ఉన్నాయిలేవే చేతులు," అన్నాడు.

పడవ తేలింది. లోపలి నీళ్ళు తోడిపోశారు. ఇక చిమ్ముతాయి, ఇక చిమ్ముతాయి అని చూస్తూ కూర్చున్నారు. చిమ్మలేదు. నానిన చెక్కలు ఉబ్బి ఒకదాన్నొకటి అదుముకున్నాయి. చెంగమ్మ సందు మీద అరచేయి ఆనించి చూసింది. చెమ్మే తప్ప చుక్క లేదు.

ఖాళీ కుండలు ఎక్కించింది. చీరల తెరచాప గాలి పట్టింది. అవతలి గట్టుకు పోయి, చెలమ దగ్గర కూర్చుని ముందు తాను కడుపునిండా తాగింది. కుండలు నింపుకొని వచ్చింది. పేట పిల్లలకు పోసింది. ముసలివాళ్ళకు పోసింది. అందరికీ పోశాక చివరి కుండ నెత్తిన పెట్టుకొని దొరసామి గడపకు పోయింది.

"ఏందిది?" అన్నాడు దొరసామి.

"నీ కూలి అబ్బయ్యా. నేను మూడుసార్లు కూరినా పూడని సందులు నువ్వు నానబెట్టి పూడ్చావు. వడ్రంగికి కూలి ఎగ్గొడితే పడవ అచ్చిరాదంటారు."

కుండ దించి వెళ్ళిపోయింది. దొరసామి ఆ నీళ్ళు తాగాడో పారబోశాడో, ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతారు. మర్నాడు అతని వల లాగడానికి పేట నుంచి ఒక్కడూ పోలేదన్నది మాత్రం అందరూ ఒకటే చెబుతారు.

చెంగమ్మ బతికినన్నాళ్ళూ ఆ పడవ నడిపింది. ఇది ఎవరి కుండ అని ఎన్నడూ అడగలేదు. ఒక చలికాలం ఆమె కన్నుమూస్తే, ఆ తెరచాపే కప్పి మోశారు.

ఇప్పటికీ ఆ దీవిలో ఎండిన పడవను దించేముందు మూడు రాళ్ళు వేసి మూడు రోజులు ముంచుతారు. వాటిని దొరసామి రాళ్ళంటారు. కీడు చేయబోయి ఎవడన్నా మేలు చేస్తే, "చెంగమ్మ పడవకు పగవాడే వడ్రంగి" అని నవ్వుకుంటారు. పడవ తేలి మొదటిసారి నీళ్ళు తెచ్చిన రోజున, చివరి కుండను తమకు గిట్టనివాళ్ళ గడపలో దించి వస్తారు. ఏమీ మాట్లాడరు. దించి, వచ్చేస్తారు.