పైడితల్లి మూడో ఎత్తు

తవిటినాయుడికి కాలు ఒక్కచోట నిలవడం లేదు. విజయనగరం పక్కన ఓ ఊళ్లో, వ్యాయామశాల రేకుల షెడ్డులో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతున్నాడు. ఆయన దగ్గర బరువులెత్తడం నేర్చుకున్న పైడితల్లి కర్నూలు పోటీల్లో ఉంది. బడిలో సెలవు దొరక్క ఈయన వెళ్లలేకపోయాడు. ఆ పిల్లకున్న మూడు అవకాశాల్లో రెండు అప్పుడే పోయాయి. మూడోదీ పోతే రాష్ట్ర జట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే.

మొదటిసారి బరువుల బార్ చేతుల్లోంచి జారగానే ఫోన్లో తన గొంతు రికార్డు చేసి పెద్ద సందేశం పంపాడు. మడమల నుంచి మణికట్ల దాకా ఏదీ వదల్లేదు. రెండోసారీ జారింది.

"ఇంత చెప్పినా తలకెక్కడం లేదేటి గురువుగారూ! ఇంకా చెప్పాల్సినవి ఉండిపోయాయి" అంటూ మళ్లీ ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

తవిటినాయుడికి బార్ పట్టడం నేర్పిన జగ్గునాయుడు గారు బల్ల మీంచి లేచి ఆ ఫోను అందుకున్నారు.

"ముందు నువ్వు ఆ బార్ తల మీదికెత్తి పట్టుకోరా."

ఎత్తాడు. ఆయన ఇందాకటి సందేశం నొక్కారు. తవిటినాయుడి గొంతే షెడ్డంతా మోగింది.

"మడమలు నేలకానించు. మోకాళ్లు బయటికి. వెన్ను వంగనీకు. ఊపిరి ముందే పట్టు. పోయినసారి గుంటూరులో ఏం చేశావో గుర్తుందా..."

సగమైనా కాలేదు. భుజాలు మండుతున్నాయి, మోచేతులు వణుకుతున్నాయి.

"ఆపండి గురువుగారూ. ఇంక నావల్ల కాదు."

"నేనేటీ అనడం లేదు కదరా. మాటాడుతున్నది నువ్వే."

తవిటినాయుడు బార్ దించేశాడు. ఫోను తీసుకుని, పోటీలకెళ్లిన తోటి పిల్ల పంపిన రెండో ఎత్తు వీడియో మళ్లీ చూశాడు. బార్ ముందు నిలబడి పైడితల్లి నేలచూపులు చూస్తోంది. పెదవులు కదుపుతోంది. పాపం, మాస్టారు చెప్పినవన్నీ వల్లె వేసుకుంటోంది.

తవిటినాయుడు మాట్లాడే బొత్తాం నొక్కాడు.

"తలెత్తమ్మా" అని పంపాడు.

వెంటనే జవాబొచ్చింది. "అంతేనా మాస్టారూ?"

వేలు మళ్లీ మాట్లాడే బొత్తాం మీదికి పోయింది. కింద పడున్న బార్ వంక చూశాడు.

"అంతే."

మళ్లీ ఆ మూలకీ ఈ మూలకీ నడక. గురువుగారు గుడ్డముక్కతో బార్ తుడుస్తూ కూర్చున్నారు. ఫోను మోగింది. తవిటినాయుడు చూసే ధైర్యం లేక ఆయనకే ఇచ్చేశాడు. ఆయన నొక్కారు.

రొప్పుతున్న గొంతు. "ఎత్తీసేను."

అంతకుమించి ఏమీ లేదు. గురువుగారు ఫోను శిష్యుడి చేతిలో పెట్టారు.

"నీకంటే ఆ పిల్లే నయంరా."