ఊక నింపిన బాన

1974 డిసెంబరు 27, శుక్రవారం. తెల్లవారుజాము నుంచి మంచు దట్టంగా పట్టింది. తొమ్మిదిన్నరకి గాని కొండ అంచు కనపడలేదు. పదింటికి ఎండ వచ్చింది గాని వెచ్చబరిచే ఎండ కాదు. ఉత్తరపు గాలి సన్నగా వీస్తూనే ఉంది. సంతకి వచ్చినవాళ్లందరూ దుప్పట్లు కప్పుకునే ఉన్నారు. ఈ దుప్పట్ల సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పని పడుతుంది.

ఆ రోజు సంతలో అటుకులమ్మే గున్నమ్మ సోల పోయింది.

సోల అంటే ఏమిటో ఇప్పటివాళ్లకి చెప్పాలి. అది గింజలు కొలిచే పాత్ర. నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక. చిన్నప్పుడు మా చేత ఈ మెట్లన్నీ బట్టీ పట్టించారు. తీరా మేం కాలేజీ మెట్లెక్కేసరికి ప్రభుత్వం లీటర్లు తెచ్చి ఆ చదువంతా నీళ్లపాలు చేసింది. సంత మాత్రం లీటర్లని నమ్మలేదు. తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు అందరూ లీటరు డబ్బా పైన పెట్టి సోలని గోనె కింద దాచేవారు. ఆయన జీపు మలుపు తిరగగానే సోల పైకి వచ్చేది.

గున్నమ్మ సోల ఇత్తడిది, అత్తగారి నాటిది. అంచు అరిగింది గాని అడుగు అరగలేదు. కొలత తగ్గేలా కొందరు అడుగుని లోపలికి కొట్టించేవారు, కొందరు మైనం పూసేవారు. ఆమె సోలలో ఆ రెండూ లేవని చుట్టుపక్కల పదకొండు ఊళ్లకీ తెలుసు. పక్కవాడి అంగట్లో కొలత దగ్గర మాటామాటా వస్తే, గున్నమ్మ సోల తెచ్చి కొలువు, తేలిపోతుంది అనేవారు. కాబట్టి పోయింది ఒక పాత్ర అనుకుంటే సగమే అనుకున్నట్టు.

ఆమె బావి దగ్గరికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. అంతసేపే. తిరిగొచ్చి చూస్తే అటుకుల బుట్ట మీద సోల లేదు. పక్కామె దగ్గర రేకు డబ్బా అడిగి తీసుకుని కొలవబోతే, కొనేవాళ్లు డబ్బాలోకి తొంగి చూసి, చిన్నదిలా ఉందే అని వెళ్లిపోయారు. నిండు బుట్ట నెత్తిన పెట్టుకుని ఆమె పోలీసు స్టేషనుకి నడిచింది.

స్టేషనులో గోడకి ఒక నల్లబల్ల ఉంది. ఆ ఏడాది జరిగిన నేరాలు దాని మీద తెల్లరంగుతో రాసి ఉంటాయి. కొట్లాటలు ఇన్ని, దొంగతనాలు ఇన్ని, పోయిన వస్తువులు ఇన్ని. పై ఆఫీసులో ఈ బల్లల్ని బట్టే జిల్లాని చూసేవారు. అంకె పెరిగితే అక్కడి మనుషులు చెడిపోయారనీ, తగ్గితే అక్కడి ఎస్సై గట్టివాడనీ లెక్క. రాసే చెయ్యి నిజాయితీగా ఉన్నా అంకె పెరుగుతుందని ఎవరికీ తట్టలేదు.

ఏడాది క్రితం కొత్త ఎస్సై వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెయ్యి చేసుకునేవాడు కాదు, ఎవరింట్లోనూ కోడి తినేవాడు కాదు. అందరూ కలం పెట్టుకునే జేబులో ఆయన ఉడత వెంట్రుకల కుంచె పెట్టుకునేవాడు. బల్ల మీద అంకెలు ఇంకొకళ్ల చేత రాయించడం ఆయనకి ఇష్టం లేదు. దొంగతనాలు అన్నచోట పదకొండు నెలలుగా ఒక సున్నా ఉంది. కోడిగుడ్డంత చక్కగా, నున్నగా ఉంది. ఇంకో నాలుగు రోజులు అలాగే ఉంటే జిల్లాలో ఒక్క స్టేషనుకే ఇచ్చే వెండి డాలు ఆయనకి వస్తుంది. దానితో పాటు పట్నానికి బదిలీ.

గున్నమ్మ చెప్పింది ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, అసలు సోల అనేది ఇప్పుడు లేదన్నాడు. ప్రభుత్వం రద్దు చేసి పన్నెండేళ్లయింది, లేని వస్తువుని దొంగిలించారని ఎలా రాసేది అన్నాడు. ఆ తరవాత మెత్తబడి, కావాలంటే పోయిందని రాస్తాను, వేలిముద్ర వెయ్యమన్నాడు.

గున్నమ్మ బుట్ట దించకుండానే జవాబు చెప్పింది.

"పోయిందని నానెయ్యను బాబూ. సోలకి కాళ్లు నేవు, నడిసిపోడానికి."

పక్కన బల్ల మీద కూర్చున్న హెడ్డు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. హెడ్డు అంటే హెడ్ కానిస్టేబులు. ఆ స్టేషనులో ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. ఎస్సైలు వచ్చారు, వెళ్లారు. ఆయనా, వరండాలో ఉన్న మట్టి బానా మాత్రం కదల్లేదు.

ఇక బాన సంగతి. మెడ సన్నగా, పొట్ట పెద్దగా, మనిషి నడుమంత ఎత్తున ఉంటుంది. సగానికి ధాన్యపు ఊక నింపి ఉంటుంది. ఊళ్లో ఏదైనా వస్తువు పోతే మర్నాడు దండోరా వేయిస్తారు. ఆ మర్నాడు పొద్దున్నే ఊరంతా స్టేషను ముందు వరస కడుతుంది. ఒక్కొక్కరూ దుప్పటి చాటున చెయ్యి మోచేతిదాకా బానలో పెట్టి తియ్యాలి. ఎండాకాలమైతే హెడ్డే ఒక దుప్పటి ఇస్తాడు. ఇత్తడి పడినా ఇనుము పడినా ఊకలో చప్పుడు కాదు. మధ్యాహ్నం అందరి ముందూ బానని చాప మీద బోర్లిస్తారు. వస్తువు ఉంటే సొంతదారు తీసుకుపోవచ్చు. ఎవరు వేశారని అడగకూడదు. ఆనాడంతా ఊళ్లో ప్రతి మోచేతికీ ఊక అంటుకుని ఉండేది. కడుక్కోవడానికి ఎవరూ తొందరపడేవారు కాదు.

కొత్త ఎస్సై వచ్చాక బాన జోలికి ఎవరూ వెళ్లలేదు. హెడ్డు ఈ మాటే ఎస్సైకి చెప్పాడు. బానలో చెయ్యి పెడితే కాగితం మీద ఏమీ రాయక్కర్లేదు కదా అని ఎస్సై ఒప్పుకున్నాడు. కాకపోతే చిన్న సవరణ చేశాడు. మునసబు, కరణం, షావుకారు, హెడ్మాస్టరు, వాళ్ల ఇళ్లవాళ్లు రానక్కర్లేదు, పెద్దమనుషుల్ని చలిలో నిలబెట్టడం మర్యాద కాదన్నాడు. స్టేషనువాళ్ల సంగతి ఎత్తనే లేదు. హెడ్డు ఏదో అనబోయి, పై అధికారి మాట కదా అని ఊరుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన చేసిన పొరపాటు అదొక్కటే అని తరవాత ఆయనే చెప్పుకునేవాడు.

శనివారం దండోరా వేశారు. ఆదివారం వరస కట్టారు. వచ్చినవాళ్లు వచ్చారు గాని, ఎప్పటిలా వేళాకోళాలు లేవు. ముందువాడు చెయ్యి ఎంతసేపు ఉంచాడో వెనకవాడు చూస్తున్నాడు. కమ్మరి తన వంతు వచ్చేసరికి వెనక్కి తిరిగి చూసి, "మునసబుగారికి జొరమా?" అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం బాన బోర్లిస్తే ఊకా, సగం కాల్చిన చుట్టా పడ్డాయి. సోల లేదు.

సాయంత్రం ఎస్సై హెడ్డుతో, చూశావా, అది దొంగతనమే కాదు, ఎక్కడో జారిపోయింది అన్నాడు.

హెడ్డు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అందరూ వస్తే ఎవరూ దొంగ కారు సార్. కొందరే వస్తే వచ్చినవాళ్లందరూ దొంగలే. ఆ వరసలో నిలబడి సోల ఎవరు వేస్తారు?"

ఇంతకు ముందున్న ఎస్సైలు కూడా చెయ్యి పెట్టేవారా అని ఎస్సై అడిగాడు. అందరికంటే ముందు వాళ్లే పెట్టేవారని హెడ్డు చెప్పాడు. ఒకాయన చేతికున్న ఉంగరం ఊకలో జారిపోతే, అది కూడా మధ్యాహ్నం దాకా ఆగి అందరితో పాటే తీసుకున్నాడట. ఆ ఉంగరం కథ చాలా పెద్దది, ఇక్కడ వద్దు.

సోమవారం పొద్దున గున్నమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఫిర్యాదుకి కాదు. మర్నాడు మూడింటికి ఇటుక బట్టీల లారీ వస్తుందనీ, కోడల్ని తీసుకుని తనూ ఎక్కేస్తున్నాననీ చెప్పడానికి వచ్చింది. బట్టీకి వెళ్లినవాళ్లు ఆరు నెలలకి గాని తిరిగి రారు. వచ్చినా సంతలో వాళ్ల చోటు ఉండదు. మిగిలిన అటుకులు ఎలాగూ మెత్తబడిపోతాయని స్టేషనులో తలో గుప్పెడూ పంచింది. ఎస్సై చెయ్యి చాపాడు. ఆమె గుప్పెడు తీసి ఆయన చేతిలో పోసింది.

"ఎంతయ్యింది బాబూ?"

ఆయన అరచెయ్యి వంక చూశాడు. ఎక్కువో తక్కువో తెలియలేదు.

"నాకూ తెల్దు. అందుకే ఎల్లిపోతన్నాను," అంది గున్నమ్మ.

ఆమె వెళ్లాక ఎస్సై అటుకులు తినలేదు, పారెయ్యలేదు. కాగితం పరిచి దాని మీద పోశాడు. తరవాత దండోరా మనిషిని పిలిపించాడు. రేపు ఏడింటికి మళ్లీ వరస అనీ, ఈసారి మినహాయింపులు లేవనీ చాటమన్నాడు.

డిసెంబరు 31, మంగళవారం. మంచు ఇంకా విడలేదు. జనం వచ్చేసరికి వరసలో మొదట ఒక మనిషి యూనిఫాం మీద గొంగళి కప్పుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికి వస్తే గాని ఎస్సై అని తెలియలేదు. ఆయన వెనక హెడ్డు. మునసబు దూరం నుంచి చూసి, ఇంటికి వెళ్లి శాలువా మార్చుకుని వచ్చి నిలబడ్డాడు. షావుకారు ఇంటిల్లిపాదితో వచ్చాడు. కరణానికి కీళ్ల నొప్పులు, కొడుకు భుజం పట్టుకుని వచ్చాడు. వరసకి ప్రాణం వచ్చింది. షావుకారు చెయ్యి పెట్టినప్పుడు కమ్మరి, "తిరిగి తియ్యడం మరిసిపోకండి" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది షావుకారే.

ఎస్సై చెయ్యి మాత్రం బానలో కొంచెం ఎక్కువసేపు ఉంది. అది చూసినవాళ్లు కూడా చూడనట్టే ఉన్నారు. అందరూ వచ్చిన రోజున చెయ్యవలసిన మర్యాద అది.

పన్నెండు గంటలకి బాన బోర్లించారు. ముందు ఊక జారింది. ఊక మీదుగా దొర్లుకుంటూ ఇత్తడి సోల వచ్చి చాప అంచున ఆగింది. గున్నమ్మ దాన్ని తీసుకుని లోపల చెయ్యి పెట్టి అడుగు తడిమి చూసుకుంది. హెడ్డు బాన అడుగున చరిచాడు. చిట్టచివర, మొదట పడినది కాబట్టి అన్నిటికంటే కింద ఉన్నది ఇంకొకటి పడింది. ఉడత వెంట్రుకల కుంచె. వెంట్రుకల మొదట్లో తెల్లరంగు ఎండిపోయి ఉంది.

ఎవరు వేశారని ఎవరూ అడగలేదు.

హెడ్డు ఊక దులిపి దాన్ని కిటికీలో పెట్టాడు. జనం వెళ్లిపోయాక తడిగుడ్డ తెచ్చి నల్లబల్ల తుడవబోతే సున్నా చెరగలేదు, ఎండిన రంగు కదా. చాకుతో గీకవలసి వచ్చింది. సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. ఎస్సై పోయిన వస్తువుల పుస్తకం తెరిచి, మొదటి నుంచి ఒక్కొక్క పేజీ తిప్పి, దొంగతనాలని రాయకుండా పోయాయని రాయించినవన్నీ లెక్కపెట్టి, "పందొమ్మిది" అన్నాడు. సోలతో కలిపి ఇరవై. దాని పక్కన, దొరికినవి ఒకటి. నివేదికలో ఇత్తడి గిన్నె అని రాద్దామా అని హెడ్డు అడిగితే, వద్దు, సోల అనే రాయమన్నాడు.

మూడింటికి లారీ వచ్చింది. హారన్ రెండుసార్లు మోగించి, గున్నమ్మ ఊరి పొలిమేరలో కాసేపు ఆగి వెళ్లిపోయింది. ఆ వేళకి ఆమె పొయ్యి మీద కొత్త వడ్లు వేయిస్తోంది.

కథ అంతే. తరవాత ఎవరికి ఏం దక్కిందో చెప్పి ముగిస్తాను. వెండి డాలు పక్క స్టేషనుకి వెళ్లింది. దాన్ని తోమలేక వాళ్లు అవస్థ పడ్డారని విన్నాను. ఎస్సైకి పట్నం రాలేదు. ఇంకో నాలుగేళ్లు అక్కడే ఉన్నాడు. వెళ్లేటప్పుడు ఆయన జేబులో ఒక పెన్సిలుంది. ఆ పందొమ్మిదిలో పదమూడు వస్తువులు ఆ నాలుగేళ్లలో బానలోంచే వచ్చాయి. హెడ్డు పోయాక దుప్పటి ఆయన కూతురికి, టోపీ మనవడికి వచ్చాయి. బాన స్టేషనుకే మిగిలింది. కుంచెని బడిలో బొమ్మలు నేర్పే మాస్టారు అడిగి తీసుకున్నాడు. దానితో చాలా కొబ్బరిచెట్లు, కొన్ని నెమళ్లు వచ్చాయి. సోల గున్నమ్మ కోడలికి వచ్చింది. ఆమె దాన్ని ఇప్పటికీ తూనికలవాళ్లు వచ్చినప్పుడు గోనె కింద దాస్తుంది.

ఆనాడు సంతలో సోల తీసినవాళ్లు ఎవరో, వాళ్లకి మాత్రం ఏమీ దక్కలేదు. దొంగ అన్న పేరు కూడా దక్కలేదు.