సింగారయ్య నేసిన గొంగడి

బోడగుట్ట కింద ప్రతి బుధవారం సంత జరుగుతుంది. ఆ రోజు సంతలో ఎవరూ ఎవరినీ తినకూడదన్నది గుట్ట మీది జంతువులు పెట్టుకున్న కట్టుబాటు. అందుకని మేకా తోడేలూ పక్కపక్కనే నిలబడి బేరాలాడుకుంటాయి. కొనేవి కొంటాయి, అమ్మేవి అమ్ముతాయి, ఏ పనీ లేనివి ఊరికే తిరుగుతాయి. సింగారయ్య అనే నక్క ఈ మూడో రకం. పని లేనందుకు అతనికి ఏ బాధా లేదు గానీ, పక్కవాళ్ళకు పని ఉంటే మాత్రం చూడలేకపోయేవాడు.

సంతలో ఓ మూల బీరమ్మ అనే ముసలి గొర్రె గొంగళ్ళు అమ్ముకునేది. ఉన్ని ఆమెదే, వడకడం ఆమెదే, నేయడం ఆమెదే. నల్లటి గొంగడి. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. కొత్తలో గరుకుగా ఉండి మెడంతా దురద పెడుతుంది. నాలుగు వానలు తడిస్తే మెత్తబడుతుంది. వాన మాత్రం మొదటి రోజు నుంచే జారిపోతుంది, చలి లోపలికి రాదు, మెత్తబడ్డాక కప్పుకున్నవాడు దాని సంగతే మరిచిపోయి తన పని తాను చేసుకుంటాడు.

సింగారయ్య చాలా వారాలు ఆమె బేరాన్ని గమనించాడు. ఒక్క విషయం అతనికి ఎంతకీ మింగుడు పడలేదు. గొంగడి కొన్న ఎద్దు మళ్ళీ కొనడానికి రాడు. ఎప్పుడో దారిన పోతూ ఆగి, "బీరమ్మా, మా నాయనకు నేసిచ్చినవు సూడు, అదే కప్పుకుంటున్న ఇంకా," అని చెప్పిపోతాడు. ఆ మాటకే ముసలిది మురిసిపోతుంది.

'ఇదేం యాపారం?' అనుకున్నాడు సింగారయ్య. 'ఒక్కసారి అమ్మి, ఆ మొహం మళ్ళీ చూడకుండ చేసుకునుడేంది? వచ్చినోడు వారం తిరగకముందే మళ్ళీ రావాలె. అదీ తెలివంటే.'

అతనికి తెలివికేం తక్కువ లేదు. బూరుగు చెట్ల కింద దూది ఊరికే రాలి పడుతుంది. అది వడికితే పోగు నిలవదు కాబట్టి ఎవరూ ముట్టుకోరు. సింగారయ్య వడకాలనే అనుకోలేదు. కోతులను పిలిచి పండ్ల ఆశ చూపించి, ఆ దూదిని పలచగా పరిచి తుమ్మబంకతో అతికించమన్నాడు. మోదుగుపూల రసం పైన చల్లారు. ఎండలో ఆరాక చూస్తే కళ్ళు చెదిరేలా ఉంది. నేత లేదు, కుట్టు లేదు, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి గుట్టెడు అంగీలు.

బుధవారం సంతలో గుట్ట మొత్తం అతని చుట్టూ మూగింది. బీరమ్మ గొంగడికి ఇచ్చేదాంట్లో నాలుగో వంతు ఇస్తే చాలు, ఒళ్ళంతా మోదుగుపువ్వే. నెమలి కూడా ఓ అంగీ కొన్నదంటే ఇక చెప్పేదేముంది.

తరువాతి వారం గాడిద గంగారాం భుజం దగ్గర ఊడిపోయిన అంగీ పట్టుకొని వచ్చాడు.

"సింగారయ్యా, గిదేంది? వారం గూడ గాలే."

"ఎన్నిసార్లు తొడిగినవ్ బావా?"

"రెండుసార్లు."

సింగారయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగ మాట్లాడు. ఎవరన్న వింటే నీ ఇజ్జత్ పోతది. ఒక్క అంగీ రెండుసార్లు తొడిగినోనికి పిల్లనెవరిస్తరు?"

గంగారాం చెవులు వాలిపోయాయి. ఊడింది అంగీ అయినా తప్పు తనదేనేమో అనిపించింది పాపం. "మరి నేనేం జెయ్యాలె?" అన్నాడు.

"మోదుగురంగు కాలం పోయింది. ఇప్పుడు పసుపు రంగు నడుస్తున్నది. అది పారేసి ఇది తీస్కపో. నువ్వు గాబట్టి దాచిపెట్టిన."

గంగారాం పారేసి తీసుకుపోయాడు. అందరూ పారేసి తీసుకుపోయారు. గుట్ట కింద వాగులో రంగు దూది ముద్దలు తేలడం మొదలైంది. చేపలు దగ్గుకుంటూ ఈదసాగాయి. ఇన్ని బట్టలు కొని కూడా గుట్ట మీద ఎవరికీ తొడుక్కోవడానికి బట్ట ఉండేది కాదు. పోయిన వారానిది చిరిగిపోయేది, ఈ వారానిది ఇంకా కొనాల్సి ఉండేది.

సింగారయ్య తీరిక చూసుకొని బీరమ్మ దగ్గరికి వెళ్ళాడు, పరామర్శించినట్టు.

"ఏమమ్మినవ్ అక్కా ఇయ్యాల?"

"ఏమమ్మలే తమ్మీ."

"జర రంగులెయ్యరాదే?"

"గొర్రె ఏ రంగుంటే గొంగడి ఆ రంగే."

"అందుకే గట్ల కూసున్నవ్."

"నిలబడితే కాళ్ళు నొస్తయ్," అంది బీరమ్మ, నెమరు వేసుకుంటూ. ఆ తరువాతి వారం నుంచి ఆమె సంతకు రావడం మానేసింది. సింగారయ్యకు ఆ పూట నిద్ర హాయిగా పట్టింది.

ఎండాకాలం చివర్లో చిరుతపులి దొర నుంచి కబురొచ్చింది. సింగారయ్య మీసాలు దువ్వుకొని దొర ఉండే రాతి గవి ముందుకు వెళ్ళి వంగి నిలబడ్డాడు.

"ఏంరా సింగా, నీ బట్టల పేరు మా గవి దాక వచ్చింది," అన్నాడు దొర.

"అంతా మీ దయ దొరా."

"శ్రావణంల మా బిడ్డ లగ్గం మాటలున్నయ్. వాగు దాటి వియ్యంకుల కాడికి పోవాలె. వాన పడుడు ఖాయం. తడిసిన పిల్లి లెక్క వాళ్ళ ముంగట నిలబడితే నా పరువు దక్కదు. నాకు బట్ట కావాలె. సుక్క నీళ్ళు లోపటికి రావద్దు. అయితదా?"

కాదు అనడానికి ఒక్క మాట చాలు. కానీ గవి ముందు గుంటనక్కలు, తోడేళ్ళు, కుందేళ్ళు, సగం గుట్ట నిలబడి ఉంది. అందరి ఒంటి మీదా తన అంగీలే. సింగారయ్య నోరు తెరిచాడు. నిజం లోపలే ఉండిపోయింది, అలవాటైన మాట బయటికి వచ్చింది.

"మా బట్ట వానకు వెరువది దొరా."

"మంచిది," అన్నాడు దొర. సింగారయ్యను తల నుంచి తోక దాకా నింపాదిగా చూశాడు. "ఒకవేళ ఆ బట్ట నిలవకపోతే నీ తోలు నిలుస్తది. నాకేదైనా ఒకటే."

సింగారయ్య ఇంటికి పరుగెత్తాడు. దుకాణంలో ఉన్నవాటిలో మంచి అంగీ తీసి కొమ్మకు వేలాడదీసి సొరబుర్రెడు నీళ్ళు పోశాడు. అంగీ కిందికి కారిపోయింది. కొమ్మకు బంక మాత్రం మిగిలింది. బంక రెట్టింపు పెట్టి ఇంకోటి చేయించాడు. అది ఆరాక అప్పడంలా బిగుసుకుంది. నీళ్ళు పోస్తే ఉబ్బింది, చీమలు పట్టాయి. కోతులు నవ్వాయి. వాటికేం, పోయేది వాటి తోలు కాదు.

చివరికి అతను తలవంచుకొని బీరమ్మ ఇంటికి నడిచాడు. మగ్గం గుంతలో సాలీడు గూడు పెట్టుకుంది.

"అక్కా, ఒక్క గొంగడి ఉంటే ఇయ్యే. ఏమడిగితే అదిస్త."

"ఏడిది తమ్మీ? కొనేటోళ్ళు లేరని నేసుడు బంద్ పెట్టిన. ఉన్ని ఉన్నది, ఒంట్ల సత్తువ లేదు."

"కోతులను పంపిస్త."

"కోతి చేతికి పోగు నిలవది. నువ్వే కూసో, నేను చెప్త. నేసే ఇంట్ల గూడ సంత కట్టుబాటే. నన్ను చూసి లొట్టలెయ్యొద్దు."

సింగారయ్యకు నవ్వు రాలేదు. కూర్చున్నాడు. వాళ్ళ తాతముత్తాతల్లో ఎవరూ చేయని పని అతను చేశాడు. ఉన్ని దువ్వి వడికాడు. పొద్దున పోగు తెగేది, సాయంత్రం తోక ఇరుక్కునేది. చింతగింజలు ఉడకబెట్టి రుబ్బి ఆ గంజిని నిలువునా సాగదీసిన పడుగు పోగులకు పూసి, కుంచెతో మళ్ళీ మళ్ళీ దువ్వాడు. ముంజేతుల దాకా జిగట.

"గంజి ఎందుకక్కా? లేకపోతే ఎవరికి తెలుస్తది?" అన్నాడు ఒకసారి.

"వానకు తెలుస్తది."

నేత మొదలయ్యాక అతనికి పాత బుద్ధి కదిలింది. పోగుకు పోగు బిగించి కొట్టకుండా వదులుగా వదిలితే సగం రోజుల్లో అయిపోతుంది కదా అనుకున్నాడు. బీరమ్మ నీడలో పడుకుని కళ్ళు మూసుకుని ఉండగా జానెడు అలా లాగించేశాడు. ఆమె లేచి వచ్చి ఆ జానెడు మీద కాలి గిట్ట ఆనించి నొక్కింది. గిట్ట లోపలికి దిగింది.

"ఇప్పు," అంది.

"అంతా?"

"వదులు ఏడ మొదలైందో ఆడి దాక."

అతను విప్పాడు. విప్పుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేసిన దానికన్నా విప్పిన దానికే ఎక్కువ కష్టపడ్డానని అతని బాధ. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ప్రతి పోగునూ చిరుత దొర తన తోలును చూసిన చూపు తలుచుకొని కొట్టాడు. గిట్ట దిగలేదు. కానీ అంచులు కట్టడం అతని చేత కాలేదు, పడుగు ఎక్కించేది ఎలాగో సరిగ్గా చూడనే లేదు. ఆ పనులన్నీ ముసలామె చేసింది.

గొంగడి మడిచి ఇస్తూ బీరమ్మ అంది, "నాకేం ఇయ్యకు. దొర అడిగితే ఎవరు నేసిన్రో చెప్పు. అంతే."

"ఎందుకు చెప్పనక్కా? నీ పేరే చెప్త," అన్నాడు సింగారయ్య. ఆ క్షణానికి అతను నిజంగానే చెబుదామనుకున్నాడు.

శ్రావణంలో వాన దంచికొట్టింది. సింగారయ్య ఇచ్చిన గొంగడి కప్పుకొని దొర వాగు దాటి వెళ్ళాడు. తిరిగొచ్చిన బుధవారం నేరుగా సంతకే వచ్చాడు, గొంగడి భుజాల మీద వేసుకొని. దాని మీద చినుకులు పూసల్లా నిలిచి జారిపోతున్నాయి. సంతలో మిగతావాళ్ళ ఒంటి మీద అంగీలు లేవు. రంగునీళ్ళు మాత్రం కాళ్ళ మీదుగా కారుతున్నాయి.

"వియ్యంకులు బంగారు రంగు బట్టలు కట్టుకొని ఎదురొచ్చిన్రు," అన్నాడు దొర. "రెండు చినుకులకే రంగు కారి, నాలుగు చినుకులకు బట్ట కారింది. పొడిగ నిలబడ్డది నేనొక్కన్నే. లగ్గం ఖాయమైంది. ఇది నేసిందెవరు?"

సింగారయ్య మూల వైపు చూశాడు. చాలా రోజుల తరువాత బీరమ్మ సంతకు వచ్చి కూర్చుంది. ఆమె పేరు చెబితే ఇంతమందీ రేపు ఆమె గుమ్మం ముందు వరస కడతారు. తన పేరు చెప్పుకుంటే దొర గవిలో తనకో పీట పడుతుంది, దుకాణం మీద ఎవరూ మాట అనరు. ఆ లెక్క తేల్చుకోవడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు.

"నేనే దొరా. ఈ చేతులతోనే."

దొర బీరమ్మ వైపు తిరిగాడు. "గొంగళ్ళ సంగతి నీకెరుక. నిజమేనా?"

బీరమ్మ నెమరు ఆపి తీరిగ్గా అంది, "నిజమే దొరా. వాని చేతులు గంజిల మునిగి ఉండంగ నా కండ్లతోని చూసిన. నేను ముసల్దాన్నైపోయిన. ఇగ గుట్ట మీద గసుంటి చెయ్యి వానిదే."

సింగారయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ముసలిది ఎంత మంచిదో అనుకున్నాడు కూడా. అంతలో దొర అతని భుజం మీద పంజా వేశాడు.

"గింత పనితనం పెట్టుకొని దూది అతికిస్తవా? సిగ్గు లేదారా? దుకాణం మూసెయ్. వియ్యంకుల ఇంటిల్లిపాదికీ గసుంటివే కావాలె. ఆ తరువాత మా వాళ్ళకు. ఆ తరువాత ఈ గుట్ట మీద అడిగినోళ్ళందరికీ. ప్రతిదాంట్ల నేనే నీళ్ళు పోసి చూస్త. కారిందంటే మనం ముందు అనుకున్నదే."

దొర వెళ్ళిపోగానే సింగారయ్య బీరమ్మ కాళ్ళ మీద పడ్డాడు. "ఎంత పని జేస్తివక్కా?"

"నేనేం జేసిన? నువ్వు చెప్పిందే చెప్పిన గద."

"నాకు పడుగు ఎక్కించ రాదు. అంచు కట్ట రాదు."

"మరి ఆ మాట దొరతోని చెప్పు. అబద్ధమాడిన అని చెప్పు."

సింగారయ్య దొర వెళ్ళిన దారి వైపు చూశాడు.

"నేర్పే అక్కా," అన్నాడు చివరికి.

"నేర్పకేం. గొర్రెలన్నీ ఉన్ని తెచ్చిస్తయ్, దానికి బదులు మా మందకు నక్కల పీడ లేకుండ నువ్వే చూసుకోవాలె. ముందుగాల పోయి చింతగింజలు ఏరుకొని రా."

అప్పటినుంచి సింగారయ్య పగలంతా మగ్గం గుంతలోనే ఉంటాడు. చేతుల జిగట వదలదు, నడుం నొప్పి తగ్గదు. బీరమ్మ నీడలో కూర్చొని గిట్ట ఆనించి చూస్తుంది, నచ్చకపోతే మాట్లాడకుండా పోగు చివర అతని చేతికి ఇస్తుంది. కొనుక్కున్నవాళ్ళు కొనుక్కొని పోతున్నారు, మళ్ళీ కొనడానికి రావడం లేదు. గంగారాం కూడా ఒకటి తీసుకున్నాడు, వచ్చే శ్రావణంలో అతని పెళ్ళి. పాపం సింగారయ్యకు పేరు మాత్రం బాగా వచ్చింది. వాగు అవతల కూడా వాటిని సింగారయ్య గొంగళ్ళనే అంటారు. కోరి తెచ్చుకున్న పేరు కదా, ఇప్పుడు కాదనడానికి లేదు.

నీతి: పీలికలయ్యే బట్ట అమ్మేవాడు కూడా తన తోలు మీదికి వచ్చిననాడు గట్టి బట్టనే వెతుక్కుంటాడు, కొనేవాళ్ళు ఆ పని మొదటి రోజే చేస్తే సరిపోతుంది.