అలుగవ్వ వేసవి మకాం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్లకు కొదవ లేదు, పిట్టలకు కొదవ లేదు. కానీ ఎండాకాలం వచ్చిందంటే మాత్రం వాగు ఎండిపోయేది, బండలు పెనంలా కాలిపోయేవి. పెద్ద జంతువులన్నీ మేత కోసం కొండ దాటి అవతలికి పోయేవి. మరి పిల్లలో? ఆ బండల మీద బుల్లి బుల్లి కాళ్ళతో ఎంత దూరమని నడుస్తాయి? అందుకని వాగు వంపులో, మద్దిచెట్ల నీడలో పిల్లలకు వేసవి మకాం పెట్టేవాళ్ళు. తొలకరి పడేదాకా పిల్లలు అక్కడే. వాటిని చూసుకోవడానికి పెద్దవాళ్ళలో ఒకరు ఉండిపోయేవారు.

కిందటేడు ఎలుగుబంటి ఉంది. "అమ్మో! ఇంకోసారి నావల్ల కాదు. ఆ కేకలు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి" అంది. నెమలిని అడిగితే గొంతు బాగాలేదంది. అడవిపందిని అడిగితే నడుం నొప్పంది. పని పేరెత్తగానే నొప్పులు ఎక్కడినుంచి వస్తాయో ఏమో! చివరికి అందరి చూపూ అలుగు మీద పడింది.

అలుగును మీలో చాలామంది చూసి ఉండరు. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు. మూరెడు నాలుక. చీమలు, చెదపురుగులు దాని తిండి. చిన్న చప్పుడైతే చాలు, తల పొట్టలోకి పెట్టుకుని, పైన తోక చుట్టుకుని బంతిలా ముడుచుకుపోతుంది. ఇక పులి వచ్చి గీకినా విప్పదు. మన అలుగు అలా ముడుచుకుంటూ, విప్పుకుంటూ ఒంటరిగానే ముసలిదైపోయింది.

అడవికి పెద్దదిక్కైన దుప్పి తాత దాని దగ్గరికి వెళ్ళింది. "అలుగమ్మా, ఈ ఏడు పిల్లల్ని నువ్వే చూసుకోవాలి" అంది.

"పిల్లలా? నాకా? నాకు చప్పుడంటేనే పడదు కదయ్యా!" అంది అలుగు.

"కాదనకు. నీకేం కావాలో అడుగు, ఇస్తాం."

అలుగు ఆలోచించింది. కొండ మీద ఒక పెద్ద పుట్ట ఉంది. దాని నిండా చెదపురుగులే. ఏటా ఎలుగుబంటి వచ్చి దాన్ని తవ్వి పాడుచేసి పోతోంది. "అయితే ఆ పుట్ట నాకివ్వండి. దాని దగ్గరికి ఎవ్వరూ వెళ్ళకూడదు. నేను, నా తిండి, నా నిద్ర. అంతే" అంది.

"సరే. కానీ మేం తిరిగి వచ్చేసరికి పిల్లల్లో ఏ ఒక్కరికి ఏమైనా అయిందంటే, పుట్ట నీది కాదు" అంది దుప్పి తాత. అలుగు తలూపింది.

ఆ ఏడు మకాంలో ముగ్గురే పిల్లలు. కోతిపిల్ల కిచ్చు, దుప్పిపిల్ల చుక్కి, కుందేలుపిల్ల దూది. ముగ్గురేనా అనుకుంటున్నారేమో! కిచ్చు ఒక్కటే ముప్పై మంది పెట్టు.

మొదటి రోజు పొద్దున్నే ముగ్గురూ "అవ్వా!" అని అరుస్తూ మీద పడ్డాయి. అలుగు గుండె జారిపోయి ఠక్కున ముడుచుకుంది.

"అబ్బ! అవ్వ బంతైపోయింది!" అంది కిచ్చు. ఇంకేముంది, ముగ్గురూ కలిసి దాన్ని ఇసుక గట్టు పైకి నెట్టుకెళ్ళి, అక్కడినుంచి దొర్లించాయి. గిరగిరా తిరుగుతూ కిందికి వచ్చింది అలుగు. పిల్లలు పడీ పడీ నవ్వాయి. మళ్ళీ దొర్లించాయి. మీరు నవ్వకండి. ఆ ముసలి ప్రాణానికి ఎంతగా కళ్ళు తిరిగి ఉంటాయో చూసుకోండి! ఆ రోజే వెళ్ళిపోదామనుకుంది అలుగు. కానీ కొండ మీది పుట్ట గుర్తుకొచ్చి పళ్ళబిగువున ఆగిపోయింది. అసలు దానికి పళ్ళే ఉండవనుకోండి!

కొన్నాళ్ళకు వాగు వంపులో మిగిలిన చిన్న మడుగులో కూడా నీళ్ళు అడుగంటాయి. "అవ్వా, దాహం" అంది దూది.

అలుగుకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, తవ్వడం. అది వాగు ఇసుకలో ముక్కు ఆనించి, వాసన చూసుకుంటూ నడిచింది. ఒకచోట ఆగింది. "ఇక్కడ చెలమ తీద్దాం. పైన ఎండిన ఇసుకే గానీ అడుగున నీళ్ళున్నాయి. అంచులు వాలుగా తవ్వాలి. నిట్టనిలువుగా తవ్వితే ఇసుక కూలుతుంది" అంది.

పిల్లలు ఎగిరి గంతేసి పనిలోకి దిగాయి. చుక్కి గిట్టలతో తవ్వింది. కిచ్చు చేతులతో ఎత్తిపోసింది. అన్నింటికన్నా చిన్నదైన దూది మాత్రం ఆత్రంకొద్దీ గుంటలోకి దిగి, నిలువుగా తవ్వేసింది. దభీమని ఒక పక్క కూలింది. దూది మెడదాకా ఇసుకలో కూరుకుపోయింది.

"అవ్వా! అవ్వా!" అని ముగ్గురూ ఒక్కసారి కేకలు పెట్టాయి.

ఆ కేకలకు అలుగు ఏం చేసింది? పుట్టినప్పటినుంచీ ఏం చేస్తోందో అదే చేసింది. ముడుచుకుపోయింది.

కాసేపటికి మెల్లగా విప్పుకుని చూసింది. అప్పటికే కిచ్చు, చుక్కి కలిసి దూదిని పైకి లాగేశాయి. దూది ఒళ్ళంతా ఇసుక. చెవులు వణుకుతున్నాయి. అది అలుగు దగ్గరికి వచ్చి, "అవ్వా, మేం పిలుస్తుంటే తలుపేసుకున్నావేం?" అని అడిగింది.

కోపంగా అడిగి ఉంటే అలుగు ఏదో ఒకటి చెప్పేసేది. కానీ దూది నిజంగా తెలియకే అడిగింది. అలుగుకు సిగ్గుతో తల వాలిపోయింది. ఆ రోజు అది పుట్ట గురించి ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

మర్నాడు అలుగే ముందు గుంటలోకి దిగింది. దూదిని పక్కన నిలబెట్టుకుని, అంచు ఎలా వాల్చాలో చూపించింది. ఒకసారి తప్పు చేసింది దూది. రెండోసారీ తప్పు చేసింది. మూడోసారికి అంచు చక్కగా నిలబడింది. అడుగున ఇసుక తడిసింది. తర్వాత దోసెడు నీళ్ళు ఊరాయి. కిచ్చు ఆకుదొన్నెలో నీళ్ళు ముంచి తాగబోయింది.

"ఆగు! మొదటి గుక్క అవ్వకు" అంది దూది. మిగతా ఇద్దరూ సరేనన్నాయి.

అలుగు తాగింది. ఎన్నో వేసవులు దాటిన ముసలిది గానీ, అంత తీయని నీళ్ళు అది ఎన్నడూ తాగలేదు. ఆ తర్వాత పిల్లలు రోజుకో చెలమ తీశాయి. గట్టు కింద వాగు నిండా గుంటలే గుంటలు.

ఇక తొలకరి రేపో మాపో అనగా ఒక పొద్దున నక్క వచ్చింది. పెద్దవాళ్ళు లేరని దానికి ఎలాగో తెలిసిపోయింది. కిచ్చు చెట్టెక్కింది. చుక్కి పొదల్లోకి దూకి పరుగు తీసింది. దూది మాత్రం గట్టు మీద కొయ్యబారిపోయి నిలబడింది.

అలుగు దాని పక్కనే ఉంది. ఒళ్ళు దానంతట అదే ముడుచుకోబోయింది. ముడుచుకుంటే నక్క దాన్ని ఏమీ చేయలేదు. కానీ సగం ముడుచుకున్న అలుగుకు దూది వణికే చెవులు కనిపించాయి. అది మళ్ళీ విప్పుకుంది. "రా తల్లీ, లోపలికి రా!" అంటూ దూదిని పొట్టలోకి లాక్కుంది. అప్పుడు చుట్టుకుంది.

లోపల దూది ఉండడంతో తోక సరిగ్గా అందలేదు. కొంచెం సందు మిగిలిపోయింది. నక్క ఆ సందులో మూతి పెట్టింది. "ముసలమ్మా, నీతో నాకు పనిలేదు. లోపలున్నదాన్ని వదిలెయ్, నీ దారిన నువ్వు పో" అంది.

అలుగు ఇంకా గట్టిగా చుట్టుకుంది. నక్క పళ్ళతో పట్టి లాగింది. ఒక పొలుసు ఊడింది. ప్రాణం పోయినంత నొప్పి. ఇంకొకటి ఊడింది. అయినా అలుగు విప్పలేదు.

లోపలి చీకట్లోంచి దూది గుసగుసగా అడిగింది. "అవ్వా, నీ గుండె కూడా దడదడలాడుతోందే! నువ్వూ భయపడతావా?"

"అవునమ్మా. చాలా భయం."

"భయపడకు అవ్వా. నేనున్నాగా" అంది దూది.

ఆ మాటతో అలుగుకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. మొదటి రోజు ఆట గుర్తుకొచ్చింది. "గట్టిగా పట్టుకో, దొర్లుతున్నాం!" అంటూ ఒళ్ళు ఒక్క ఊపు ఊపింది. ఇద్దరూ గట్టు మీదినుంచి గిరగిరా కిందికి దొర్లి, చెలమల మధ్యనుంచి సాగిపోయారు. నక్క వెంటపడింది. చూపంతా బంతి మీదే పెట్టి, కిందున్న చెలమలో దబ్బున పడింది. తడి ఇసుకలో నడుందాకా దిగబడింది. పైనుంచి కిచ్చు కాయలు విసిరింది. నక్క తన్నుకుని తన్నుకుని ఎలాగో బయటపడి, తోక ముడిచి పారిపోయింది. మళ్ళీ ఆ వంకకు రాలేదు.

తొలకరి పడింది. పెద్దవాళ్ళు తిరిగి వచ్చారు. దుప్పి తాత పిల్లల్ని ఒక్కొక్కరినే చూసింది. ఎవరికీ గీత కూడా పడలేదు. తర్వాత అలుగు వీపు చూసింది. రెండు పొలుసులు లేవు. దుప్పి తాత కళ్ళు చెమర్చాయి. "అలుగమ్మా, పుట్ట నీది. దాని దగ్గరికి ఎవ్వరూ వెళ్ళకూడదు" అని అడవంతా చాటింపు వేయించింది.

అలుగు కొండెక్కి పుట్ట దగ్గరికి చేరింది. కడుపు నిండా తింది. ముడుచుకుని పడుకుంది. చప్పుడు లేదు. తనకు కావలసింది అదే కదా! కానీ నిద్ర పట్టలేదు. ఆ పక్కకు తిరిగింది, ఈ పక్కకు తిరిగింది. పొట్ట దగ్గర, దూది కూర్చున్న చోట, ఖాళీగా ఉంది. "ఏమిటే, ముసలిదానా, అడిగింది ఇచ్చారు కదా! ఇంకా ఏం కావాలి నీకు?" అని తనని తానే తిట్టుకుంది.

మూడో రోజు పొద్దున పైనుంచి ఏదో దొర్లుతున్న చప్పుడైంది. అలుగు ముడుచుకోలేదు. తలెత్తి చూసింది. వాలు మీదినుంచి మూడు ఉండలు వస్తున్నాయి. ఒకటి గోధుమరంగుది, ఒకటి చుక్కలది, చిట్టచివర తెల్లటి బుల్లి ఉండ. మూడూ వచ్చి పుట్ట ముందు ఆగి, కాళ్ళూ చేతులూ విప్పుకున్నాయి.

"ఇక్కడికి ఎవ్వరూ వెళ్ళకూడదని చాటింపు వేశారు కదర్రా! విన్లేదా?" అంది అలుగు.

"విన్నాం అవ్వా! అందుకే వెళ్ళలేదు. దొర్లుకుంటూ వచ్చాం" అంది దూది, ఒంటికి అంటిన మట్టి దులుపుకుంటూ.

అలుగు నవ్వింది. ఏడుపు కూడా వచ్చింది. చేతులు బార్లా చాపి, "రండి, లోపలికి రండి" అంది.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందే, దుప్పి తాత ఇంకా ఎవరినీ అడగకముందే, ముసలి అలుగు వాగు వంపులో ముక్కు ఆనించి మొదటి చెలమకు చోటు వెతుకుతూ కనిపించింది.

నీతి: పిల్లల మధ్య మనసు విప్పి పనిచేస్తే, అడిగి పుచ్చుకున్న బహుమతి కన్నా అడగకుండా దక్కే ప్రేమే గొప్పది.