ఆదివారం పొద్దున అరుగు మీద

కర్నూలులో అలీంషా అనే ఫకీరు దగ్గర దస్తగిరి చాలా ఏళ్లుగా శిష్యుడు. ఒకసారి ఆదోని పెద్దలు కొందరు వచ్చి, మా ఊరికి దస్తగిరిని గురువుగా పంపండని అడిగి పోయారు. నెల దాటింది. అలీంషా అవుననలేదు, కాదనలేదు. దస్తగిరికి అన్నం సయించడం మానేసింది.

చివరికి ఉండబట్టలేక తానే అడిగాడు. మనిషిని చూస్తే చాలు, లోపల ఏముందో తనకు తెలిసిపోతుందనీ, గురువన్నవాడికి ఇంతకంటే ఏం కావాలనీ అన్నాడు.

"రేపు ఆదివారం గదా, నాతో బజారుకు రా" అన్నాడు అలీంషా.

ఆదివారం పొద్దున్నే బజారులో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూడటమంటే ఆయనకు చెప్పలేనంత ఇష్టం. ఇద్దరూ మూసి ఉన్న బట్టలకొట్టు అరుగు మీద చేరారు. రోడ్డు ఖాళీగా ఉంది. ఒకాయన తన కొట్టు ముందున్న చెత్తను మెల్లగా పక్క కొట్టు ముందుకు ఊడుస్తున్నాడు. వేపపుల్ల నములుతూ ఒక తాత సినిమా పోస్టరును అక్షరం వదలకుండా చదువుతున్నాడు. అలీంషా మోకాళ్లు చుట్టి పట్టుకుని, తనలో తాను నవ్వుకుంటూ చూస్తున్నాడు.

దస్తగిరి మాత్రం పరీక్షకు వచ్చినవాడిలా ఉన్నాడు.

"ఆ తెల్లచొక్కాయన ఇంట్లో పోట్లాడి వచ్చాడు బాబా. కాళ్లకు చెప్పుల్లేవు. గుండీలు కూడా తప్పు పెట్టుకున్నాడు."

అన్నట్టే, వెనకాలే ఒకామె చెప్పులు పట్టుకొచ్చి ఆ మనిషి ముందు పడేసి, పలకకుండా వెళ్లిపోయింది. అలీంషా తలూపాడు. దస్తగిరికి హుషారు వచ్చింది.

"ఎదురుగా ఆ టీకొట్టామెకు కోడలంటే గిట్టదు. ఆ పిల్ల కడిగిన గ్లాసులనే ఈమె మళ్లీ కడుగుతోంది చూడండి."

కాసేపటికి ఆ టీకొట్టు సుంకులమ్మే రోడ్డు దాటి వచ్చి, పొగలు కక్కే గ్లాసు దస్తగిరి చేతిలో పెట్టింది.

"పొద్దుట్నుంచి ఎవరికోసమో కండ్లు కాయలు కాసేట్టు చూస్తాండావు. రాలేదేమప్పా? తాగు, వస్తార్లే."

తానెవరి కోసమూ చూడటం లేదన్నాడు దస్తగిరి.

"సరేలేప్పా. ముందు తాగు" అని ఆమె వెళ్లిపోయింది.

దస్తగిరికి నవ్వొచ్చింది. మనిషిని చూసి ఇంత పొరపాటు పడేవాళ్లు కూడా ఉంటారా అన్నాడు.

"ఆమె అనుకున్నది తప్పే" అన్నాడు అలీంషా. "టీ మాత్రం వేడిగా ఉంది. తాగు."

దస్తగిరి చేతిలోని గ్లాసు వైపూ, ఎదురుగా ఉన్న టీకొట్టు వైపూ చూశాడు. మెల్లగా తాగాడు. ఖాళీ గ్లాసు తానే తీసుకెళ్లి ఇచ్చి వచ్చి, గురువు పక్కన కూర్చున్నాడు. ఆదోని మాట మళ్లీ ఎత్తలేదు.