గట్టుకు వేసిన దండ

అడవి వాగుకు అడ్డంగా ఓ మట్టిగట్టు ఉండేది. దానికి పీతల బెడద. పూడ్చిన కొద్దీ కొత్త బొక్కలు తొలిచేవి. ముసలి దున్నపోతు వీరయ్య రోజూ పొద్దున్నే గట్టు వెంట నడిచి, ఒక్కో బొక్కనూ డెక్కతో తొక్కి పూడ్చేవాడు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. మానేస్తే అడిగేవాళ్లూ లేరు.

గట్టు దిగువ బొరియలో రంగి అనే పడుచు కుందేలు, తల్లిలేని ఇద్దరు తమ్ముళ్లను పెంచుకుంటోంది. వీరయ్యకు కాలు కుంటుపడ్డాక తనూ మట్టిముద్దలు నోట కరుచుకుని సాయం వెళ్లింది. ఎన్నాళ్లనుకున్నారు? నాలుగంటే నాలుగు రోజులు.

ఐదోనాడు నక్క ఎదురైంది.

"ఏమే రంగీ! ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారా? నీ ఈడువాళ్లు గంతులేస్తుంటే నీకెందుకే ఈ బురద?"

"గట్టు తెగితే నా తమ్ముళ్లు పోతారు మామా."

"నా గుహా దాని కిందే కదే, నాకు బెంగుండదా? రోజూ గుప్పెడు పోసే బదులు, అమావాస్యకోసారి కుర్రకారునంతా పోగేసి కొండంత పోద్దాం. పనిచేసినోళ్లకు దండలేద్దాం."

దండ అనేసరికి రంగి మెడ తడుముకుంది. పాపం, చిన్నతనం.

అమావాస్యనాడు జింకలూ కోతులూ కుందేళ్లూ గట్టు మీద ఎత్తుగా మట్టి పోశాయి. నక్క ఉపన్యాసం దంచి, గట్టుక్కూడా ఓ దండ వేసింది.

వీరయ్య రంగిని పక్కకు పిలిచాడు. "పైన పోస్తే ఏం లాభమే తల్లీ? బొక్కలు గట్టు పక్కల్లో పడతాయి. పీతకు అమావాస్యని తెలీదు. రేపు రా."

"వచ్చే అమావాస్యకు వస్తాంగా తాతా!"

వారం తిరక్కుండానే వీరయ్య చచ్చిపోయాడు. ఆ తర్వాత గట్టు మీద ఒక్క కాలూ పడలేదు. రంగి మిట్టమీద మేతకెళ్లిన ఓ మధ్యాహ్నం పెద్దవాన కురిసింది. గట్టు తెగింది.

రంగి చీకటిపడేదాకా బురదలో తమ్ముళ్లను పేర్లు పెట్టి పిలిచింది. ఎవరూ పలకలేదు.

గుహ కొట్టుకుపోయి, తడిసి వణుకుతూ నక్క బండ మీద కూర్చుంది. "అంత మట్టి పోశామే! ఎలా తెగిందే?"

"ఒక్కరోజే పోశాం మామా."

"సరే, మళ్లీ కడదాం. అమావాస్యకు అందర్నీ..."

"నేను రేపే వస్తా. ఎల్లుండీ వస్తా. నువ్వొస్తావా?"



మర్నాడు రంగి ఒక్కతే మట్టిముద్ద కరుచుకుని గట్టెక్కింది. ఆ గట్టు కింద ఇప్పుడు తనకంటూ ఎవరూ లేరు. వేరేవాళ్ల పిల్లలున్నారు.

నీతి: పండగనాటి సేవకు దండ దక్కుతుంది, పూటపూటా చేసే సేవతోనే ప్రాణం దక్కుతుంది.